జూలై 4: ఒక్క తేదీ మీదికి ఇంత చరిత్ర ఎలా వచ్చి చేరింది?

1946 జూలై 4, గురువారం. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో వాన మధ్యనే జరిగిన సభలో అమెరికా జెండా కిందికి దిగింది, ఫిలిప్పీన్స్ జెండా పైకి లేచింది. అదే రోజు నిజాం రాజ్యంలో, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో, కర్రలు పట్టుకుని నినాదాలు చేస్తూ ఊరేగింపుగా వెళ్తున్న ఆంధ్ర మహాసభ సంఘం మనుషుల మీద దేశ్‌ముఖ్ గడీ దగ్గర తుపాకులు పేలాయి. ముందు వరసలో ఉన్న దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే కూలిపోయాడు. అతని అన్న మల్లయ్యకూ తూటా తగిలింది. కొమరయ్యకు అప్పుడు 19 ఏళ్లు.

"చరిత్రలో ఈ రోజు" శీర్షిక కింద ఈ రెండూ రెండు లైన్లలో అయిపోతాయి. ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. చదివేవాళ్లకు ఒక్క క్షణం ఆశ్చర్యం కలుగుతుంది, అంతే, పేజీ తిప్పేస్తారు. కానీ ఆ తేదీకి ఈ రెండు సంఘటనలూ వచ్చిన దారులు ఎక్కడా కలవవు. మనీలాలో జెండా ఏ రోజు దిగాలో పన్నెండేళ్ల ముందే తేలిపోయింది. 1934లో అమెరికా కాంగ్రెస్ చేసిన టైడింగ్స్-మెక్‌డఫీ చట్టంలో, పదేళ్ల గడువు ముగిశాక వచ్చే జూలై 4న స్వాతంత్ర్యం ఇస్తామని రాసుకున్నారు. తమ స్వాతంత్ర్య దినాన్నే ఆ దేశానికీ పుట్టినరోజుగా ఇవ్వాలనుకున్నారు. కడవెండిలో మాత్రం తేదీని ఎవరూ నిర్ణయించలేదు. ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరిన కొమరయ్యకు అది మామూలు గురువారం.

ఒకే తేదీ మీద పడ్డ జననాలు, మరణాలు, సంఘటనల గురించి మాట్లాడేటప్పుడు అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది ఈ రోజు మీదికి ఎలా వచ్చింది? తనంతట తాను వచ్చి పడిందా, ఎవరైనా తెచ్చి పెట్టారా, లేక లెక్కలు రాసేవాళ్ల చేతిలో ఇక్కడికి జరిగిందా? ఈ మూడు రకాలకూ ఉదాహరణలు జూలై 4లో పుష్కలంగా దొరుకుతాయి. పైగా తెలుగువాళ్లకు ఇది దగ్గరి తేదీ. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఈ రోజే. 1963లో పింగళి వెంకయ్య కన్నుమూసింది ఈ రోజే.

ముందుగా యాదృచ్ఛికం సంగతి చూద్దాం. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. దాన్ని 365తో భాగిస్తే ఒక్కో తేదీకి దాదాపు 2 కోట్ల 20 లక్షల మంది వస్తారు. అంతమంది పుట్టినరోజు ఒకటే అయినప్పుడు వాళ్లలో పేరున్నవాళ్లు కొందరు ఉండక తప్పదు. ఇటలీని ఏకం చేసిన గరిబాల్డీ 1807లో నీస్ పట్టణంలో, అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ 1872లో, రెండుసార్లు మన దేశానికి తాత్కాలిక ప్రధానిగా పనిచేసిన గుల్జారీలాల్ నందా 1898లో సియాల్‌కోట్‌లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన కొణిజేటి రోశయ్య 1933లో గుంటూరు జిల్లా వేమూరులో, సంగీత దర్శకుడు కీరవాణి 1961లో కొవ్వూరులో... అందరూ జూలై 4నే పుట్టారు. వీళ్ల మధ్య ఏ సంబంధమూ వెతకనక్కర్లేదు. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటే అయ్యే అవకాశం సగానికి కాస్త పైనే ఉంటుందని గణితం చెబుతుంది. 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరు పిల్లలు ఒకే రోజు చాక్లెట్లు పంచిపెట్టడం ప్రతి బడిలోనూ జరిగేదే.

అయినా కొన్ని కలయికలు మనసుకు పట్టుకుంటాయి. సీతారామరాజు పాత్ర తెర మీద కనిపించిన 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమాకు సంగీతం చేసిన కీరవాణిదీ, ఆ సీతారామరాజుదీ పుట్టినరోజు ఒకటే. దీని వెనక ఏ ఏర్పాటూ లేదు. విని సంతోషించడానికి మాత్రం అడ్డేమీ లేదు.

ఇక తెచ్చి పెట్టిన తేదీల సంగతి. జూలై 4 అనగానే లోకానికి అమెరికా గుర్తొస్తుంది. కానీ 1776లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న ప్రతినిధులు ఇంగ్లండ్ నుంచి విడిపోవాలని ఓటేసింది జూలై 2న. ఆ మర్నాడు జాన్ ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కు రాసిన ఉత్తరంలో, ఈ జూలై 2ను రాబోయే తరాలు గంటలు మోగించి, తుపాకులు పేల్చి, భోగిమంటల్లాంటి మంటలు వేసి పండగలా చేసుకుంటాయని రాశాడు. పండగ సంగతి అక్షరాలా నిజమైంది, తేదీ ఒక్కటే తప్పింది. ఎందుకంటే ఆ నిర్ణయానికి కారణాలు చెప్పే ప్రకటన పాఠాన్ని ఆమోదించింది జూలై 4న. ఆ రాత్రే జాన్ డన్లాప్ అనే ముద్రాపకుడు దాన్ని అచ్చు వేసి ఊరూరికీ పంపించాడు. ఆ కాగితం తల మీద "జూలై 4, 1776" అని ఉంది. జనం చేతికి అందింది ఆ కాగితమే. తోలు కాగితం మీద అందంగా రాసిన ప్రతి మీద ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. అంటే ఒకే పనికి మూడు తేదీలున్నాయి. నిర్ణయం తీసుకున్న రోజు ఒకటి, సంతకాలు చేసిన రోజు ఇంకొకటి. గెలిచింది మాత్రం అచ్చులో పడ్డ తేదీ.

సరిగ్గా 50 ఏళ్లకు, 1826 జూలై 4న, ఆ ఉత్తరం రాసిన ఆడమ్స్ చనిపోయాడు. ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ కూడా అదే రోజు చనిపోయాడు. ఇద్దరూ మాజీ అధ్యక్షులే. స్నేహితులుగా మొదలై, రాజకీయాల్లో బద్ధ శత్రువులై, ముసలితనంలో మళ్లీ ఉత్తరాలతో దగ్గరైనవాళ్లు. స్వర్ణోత్సవాలకు రమ్మని వాషింగ్టన్ నుంచి ఇద్దరికీ ఆహ్వానాలు వెళ్లాయి. ఆరోగ్యం బాగాలేక ఇద్దరూ రాలేమన్నారు. 83 ఏళ్ల జెఫర్సన్ వర్జీనియాలోని తన ఇంట్లో, మాంటిచెల్లోలో, జూలై మొదటివారానికే స్పృహ తప్పుతూ తెలుస్తూ ఉన్నాడు. మధ్యలో కళ్లు తెరిచి, నాలుగో తారీకు వచ్చిందా అని అడిగాడని ఆయన దగ్గరున్నవాళ్లు రాసిపెట్టారు. నాలుగో తారీకు మధ్యాహ్నం ఒంటిగంటకు కాస్త ముందు ప్రాణం పోయింది. వందల మైళ్ల దూరంలో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో 90 ఏళ్ల ఆడమ్స్ ఆ సాయంత్రం దాకా ఉన్నాడు. జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడన్న అర్థంలో ఆయన చివరి మాటలు పలికాడని చెబుతారు. జెఫర్సన్ అప్పటికే లేడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వార్త గుర్రాల మీద ప్రయాణం చేసే కాలం అది.

వేర్వేరుగా ఉన్న ఇద్దరు మనుషులు ముందే అనుకున్న ఒక తేదీన పోయే అవకాశం, ఒట్టి లెక్క ప్రకారం, 1,33,225లో ఒకటి. ఐదేళ్ల తర్వాత 1831 జూలై 4న ఐదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా చనిపోవడంతో ఇది దైవ నిర్ణయమేనని అప్పటి అమెరికా నమ్మింది. కానీ ఒట్టి లెక్క ఇక్కడ పూర్తిగా వర్తించదు. జెఫర్సన్ ఆ రోజు కోసం ఎదురుచూశాడు. తేదీని అడిగి తెలుసుకున్నాడు. పండగ దాటేదాకా ఉండాలన్న కోరిక మంచాన పడ్డ మనిషిని కాసిన్ని గంటలు నిలబెడుతుందా అన్నది పాత ప్రశ్నే. మన ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది: మనవడి పెళ్లి చూసి పోయాడు, కొడుకు దుబాయ్ నుంచి వచ్చేదాకా ఆగింది అంటారు. అలా ఆగలేక పోయినవాళ్ల గురించి ఎవరూ చెప్పుకోరు కాబట్టి ఈ మాటలను రుజువుగా తీసుకోలేం. నాలుగో అధ్యక్షుడు మాడిసన్ 1836లో జూన్ 28న పోయాడు, ఆరు రోజుల ముందు. ఆయన పేరు ఈ కథల్లో అరుదుగా వినిపించడానికి కారణం అదే.

జెఫర్సన్ సమాధి రాయి మీద ఇంకో విశేషం ఉంది. పుట్టింది 1743 ఏప్రిల్ 2 అని చెక్కి, పక్కనే రెండు అక్షరాలు చేర్చారు. పాత లెక్క ప్రకారం అని వాటి అర్థం. 1752లో బ్రిటన్, దాని వలసలు జూలియన్ క్యాలెండర్ వదిలి గ్రెగోరియన్‌కు మారాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 2 తర్వాతి రోజు సెప్టెంబర్ 14 అయింది. మధ్యలోని 11 రోజులు కాగితం మీద లేకుండా పోయాయి. జెఫర్సన్ పుట్టినరోజు ఏప్రిల్ 2 నుంచి 13కి జరిగింది. ఆడమ్స్‌ది అక్టోబర్ 19 నుంచి 30కి. ఒకే తేదీన పోయిన ఈ ఇద్దరికీ పుట్టిన తేదీలు బతికుండగానే మారాయి.

ఇక్కడి నుంచే మూడో రకం మొదలవుతుంది. జూలై 4 జాబితాల్లో ఉన్న అతి పాత సంఘటనల్లో ఒకటి 1054 నాటిది. ఆకాశంలో వృషభ రాశి వైపు కొత్త నక్షత్రం ఒకటి కనిపించిందని చైనా ఆస్థాన జ్యోతిష్కులు రాసుకున్నారు. 23 రోజుల పాటు అది పట్టపగలు కూడా కనిపించింది. రాత్రిళ్లు దాదాపు రెండేళ్లు కనిపించి మాయమైంది. పేలిపోయిన ఆ నక్షత్రం మిగిల్చిన ధూళి మేఘాన్నే ఇప్పుడు క్రాబ్ నెబ్యులా అంటున్నారు. చైనావాళ్లు జూలై అని రాయలేదు, వాళ్ల మాసాలు వేరు. ఆ లెక్కను తర్వాతి పండితులు జూలియన్ క్యాలెండర్లోకి మారిస్తే జూలై 4 వచ్చింది. ఇప్పుడు మన గోడ మీదున్న క్యాలెండర్ లెక్కలో చెప్పాలంటే అది జూలై 10. ఇంకా లోపలికి పోతే, ఆ నక్షత్రం భూమికి దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పేలుడు జరిగిన వేల ఏళ్లకు దాని వెలుగు ఇక్కడికి చేరింది. ఆ తేదీ నక్షత్రానిది కాదు, దాన్ని చూసిన కళ్లది. 1187లో పాలస్తీనాలోని హత్తిన్ దగ్గర క్రూసేడర్లను, అంటే యూరప్ క్రైస్తవ యోధులను, ముస్లిం సుల్తాను సలాదిన్ ఓడించిన జూలై 4 కూడా ఇలాగే పాత లెక్కలోని తేదీ.

వెయ్యేళ్ల వెనక్కి వెళ్లాల్సిన పని కూడా లేదు. 2005లో నాసా పంపిన డీప్ ఇంపాక్ట్ నౌక నుంచి విడివడిన భాగం టెంపెల్ 1 అనే తోకచుక్కను ఢీకొట్టింది. మన గడియారంలో జూలై 4 ఉదయం 11 గంటల 22 నిమిషాలు. దాన్ని నడిపిస్తున్న కాలిఫోర్నియాలో ఇంకా జూలై 3 రాత్రే. 2016లో జూనో నౌక గురుగ్రహం కక్ష్యలోకి చేరినట్టు కబురు అందినప్పుడు కాలిఫోర్నియాలో జూలై 4 రాత్రి 8 గంటల 53 నిమిషాలు. మనకు అప్పటికే జూలై 5 ఉదయం, టిఫిన్ల వేళ. మరి ఈ రెండూ ఏ తేదీ పేజీలోకి వెళ్లాలి? రాసేవాళ్లు ఎక్కడ కూర్చుని రాస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలో బిడ్డను కన్న తెలుగు కుటుంబాలకు ఈ తిప్పలు బాగా తెలుసు. అక్కడి ఆస్పత్రి కాగితం మీద ఒక తేదీ, ఇక్కడ తాతయ్య రాయించిన జాతకంలో ఏ ఊరి టైమ్ వేయాలన్న చర్చ.

అంతరిక్ష నౌకల్లో తేదీని ముందుగా అనుకుని మరీ వెళ్లింది 1997 నాటి మార్స్ పాత్‌ఫైండర్. 1996 డిసెంబర్లో ఏ రోజు ప్రయోగించినా జూలై 4నే అంగారకుడి మీద దిగేలా దాని దారిని లెక్కకట్టారు. 2012 జూలై 4న జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో హిగ్స్ బోసాన్ లాంటి కొత్త కణాన్ని కనుగొన్నామని ప్రకటించడానికి మాత్రం అమెరికా పండగతో పనిలేదు. అదే రోజు మెల్‌బోర్న్‌లో కణ భౌతిక శాస్త్రవేత్తల పెద్ద సదస్సు మొదలవుతోంది కాబట్టి దానికి ముందుమాటగా ఆ సభ పెట్టారు. ఆ కణం ఉండొచ్చని 1964లోనే చెప్పిన పీటర్ హిగ్స్ ఆ హాల్లోనే కూర్చుని విన్నారు. అదే ఆల్ప్స్ ప్రాంతంలో, ఫ్రాన్స్‌లోని సాన్సెల్మోజ్ ఆరోగ్య కేంద్రంలో, 1934 జూలై 4న మేరీ క్యూరీ చనిపోయారు. ఏళ్ల తరబడి రేడియం మధ్య పనిచేసిన శరీరంలో రక్తం తయారయ్యే శక్తి పోయింది. ఆవిడ మరణం జూన్ చివర్లో అయినా, ఆగస్టులో అయినా కారణం అదే. అక్కడ తేదీ మాట్లాడదు, కారణం మాట్లాడుతుంది.

ఈ మొత్తం జాబితాలో యాదృచ్ఛికమో ఎంపికో తేల్చడం అన్నిటికంటే కష్టమైనది వివేకానందుడి విషయంలో. 1898 జూలైలో ఆయన అమెరికన్ శిష్యురాళ్లతో కలిసి కశ్మీర్‌లో పడవ ఇళ్లలో ఉన్నారు. అమెరికా పండగ రోజున వాళ్లను సంతోషపెట్టాలని, ముందురోజు ఒక దర్జీని పిలిపించి, గుడ్డ మీద చుక్కలు, చారలు కుట్టించి, పడవకు ఆకులు కట్టి అలంకరించారు. ఆ రోజు కోసం ఇంగ్లిష్‌లో ఒక కవిత రాసి చదివారు. సరిగ్గా నాలుగేళ్లకు, 1902 జూలై 4న, బేలూరు మఠంలో కన్నుమూశారు. వయసు 39. ఆ రోజు పొద్దున చాలాసేపు ధ్యానంలో కూర్చున్నారు. మధ్యాహ్నం బ్రహ్మచారులకు సంస్కృత వ్యాకరణం చెప్పారు. సాయంత్రం ప్రేమానందస్వామితో కలిసి దూరం నడిచి వచ్చారు. రాత్రి 9 గంటల ప్రాంతంలో అంతా అయిపోయింది. దానికి కొన్ని రోజుల ముందు ఒక శిష్యుడితో పంచాంగం తెప్పించుకుని పేజీలు తిరగేశారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఏ రోజు చూసుకున్నారో ఆయన చెప్పలేదు. తేదీని తానే ఎంచుకున్నారని శిష్యులు నమ్మారు. మధుమేహం, ఉబ్బసం ఆయన్ను ఏళ్లుగా కుంగదీశాయన్నదీ నిజమే.

ఆయన తిరగేసింది పంచాంగం అన్నది గమనించాలి. అందులో జూలై 4 కంటే ముందు కనిపించేది తిథి, వారం, నక్షత్రం. బేలూరు మఠం ఇప్పటికీ వివేకానంద జయంతిని పుష్య బహుళ సప్తమి నాడు చేస్తుంది. ప్రభుత్వం జనవరి 12న జాతీయ యువజన దినోత్సవం చేస్తుంది. ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు. తెలుగు ఇళ్లలోనూ అంతే. కేకు కోసేది ఇంగ్లిష్ తేదీకి, తద్దినం పెట్టేది తిథికి. తిథి ఇంగ్లిష్ క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధిక మాసం వస్తే మళ్లీ ముందుకు వస్తుంది. తిథుల లెక్కన చూస్తే సీతారామరాజు జయంతి, వెంకయ్య వర్ధంతి ఏటా ఒకే రోజున కలిసి రావు. సీతారామరాజు పుట్టింది హేవిళంబి సంవత్సరం, కొమరయ్య నేలకొరిగింది వ్యయ, వెంకయ్య పోయింది శోభకృత్. 1957లో తెచ్చుకున్న మన జాతీయ శక క్యాలెండర్లో జూలై 4 అంటే ఆషాఢం 13. నిజాం సర్కారు కాగితాల మీదైతే ఫస్లీ లెక్క నడిచేది. ఇన్ని క్యాలెండర్లలో ఏదో ఒకటి పట్టుకుంటే తప్ప "ఒకే రోజు" అన్న మాటకు అర్థమే ఉండదు.

పుట్టిన తేదీల విషయంలో ఇంకో తెలుగు చిక్కు ఉంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తోచిన తేదీ వేసేయడం ఒకప్పుడు మామూలు. అందుకే పాత తరంలో చాలామందికి జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినరోజు అవుతుంది. "సర్టిఫికెట్ ప్రకారమా, అసలుదా?" అని మన దగ్గర అడిగినంత సహజంగా ఇంకెక్కడా అడగరేమో. ప్రసిద్ధులకూ ఈ తేడా తప్పలేదు. పింగళి వెంకయ్య పుట్టింది ఆగస్టు 2 అని అందరూ రాస్తారు, ఏడాది మాత్రం కొన్ని పుస్తకాల్లో 1876, మరికొన్నింట్లో 1878. మరణం అలా కాదు. దానికి సాక్షులు ఎక్కువమంది, మతిమరుపు తక్కువ.

మన్యం మనిషిగా అందరూ తలచుకునే సీతారామరాజు పుట్టింది విశాఖ జిల్లా పాండ్రంగిలో, తాతగారింట్లో. సొంత ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. అందుకే 125వ జయంతికి, 2022 జూలై 4న, 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి భీమవరంలో ఆవిష్కరించారు. పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. అమెరికా స్వాతంత్ర్య దినాన పుట్టాడు కాబట్టే స్వాతంత్ర్య వీరుడయ్యాడని కొందరు ముడిపెడతారు. ఆ మాటలో పస లేదు, పైగా అసలు కారణాన్ని అది మరుగున పడేస్తుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకుంది. ఘాట్ రోడ్ల పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనులను వెట్టికి వాడుకున్నారు. ఆ కోపమే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరస దాడులుగా బయటపడింది. ఆ తర్వాత కొన్నిసార్లు ఫలానా రోజు వస్తున్నానని ముందే మిరపకాయ టపా పంపి మరీ వెళ్లాడని మన్యంలో చెప్పుకుంటారు. తన తేదీలను తానే ప్రకటించిన మనిషి అతను. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చిన రోజును మాత్రం బ్రిటిష్ అధికారి నిర్ణయించాడు.

కడవెండి సంగతికి మళ్లీ వస్తే, అక్కడి తేదీ వెనకా పెద్ద కారణమే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డిది అరవై ఊళ్ల మీద పెత్తనం. కడవెండి గడీలో ఉండేది ఆయన తల్లి జానమ్మ. వెట్టి, వడ్డీ, బలవంతపు లెవీ ధాన్యం, వీటన్నిటి మీద ఆంధ్ర మహాసభ పేరుతో ఊరి జనం సంఘం పెట్టుకున్నారు. కొమరయ్య గొర్రెలు కాసుకునే కురుమ ఇంటి బిడ్డ. జూలై 4న ఊరేగింపు గడీ దగ్గరికి వచ్చేసరికి తుపాకులు పేలాయి. ఆ ఒక్క చావు కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. అప్పటిదాకా అర్జీలు, సభలతో నడిచిన ఉద్యమం సాయుధ పోరాటమై, 1951 అక్టోబర్లో విరమించేదాకా సాగింది. అందుకే తెలంగాణలో జూలై 4 అంటే ముందుగా కొమరయ్య వర్ధంతి, ఆంధ్రలో అల్లూరి జయంతి. తేదీ ఒకటే, భాష ఒకటే, దండలు పడే విగ్రహాలు వేరు.

ఈ ఇద్దరి మధ్య వెంకయ్య నలిగిపోతాడు. వర్ధంతి కంటే జయంతికే జనం ఎక్కువ చేరతారు. ఆయన జయంతి ఆగస్టులో ఉంది, వర్ధంతి ఏమో అల్లూరి జయంతి నీడలో పడింది. పత్తి మీద, వజ్రాల మీద, జపాన్ భాష మీద ఉన్న పట్టుతో పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య, జపాన్ వెంకయ్య అని పిలిపించుకున్న మనిషి, 1916లోనే జాతీయ జెండా మీద పుస్తకం అచ్చు వేయించిన మనిషి, ఈ రోజు జాబితాల్లో చాలాసార్లు చివరి లైన్లో ఉంటాడు.

భారత స్వాతంత్ర్యానికీ ఈ తేదీతో ముడి ఉంది. 1943 జూలై 4న సింగపూర్‌లోని కాథే భవనంలో రాస్‌బిహారీ బోస్ ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ పగ్గాలను సుభాష్ చంద్రబోస్‌కు అప్పగించారు. నాలుగేళ్ల తర్వాత అదే తేదీన లండన్‌లో కామన్స్ సభ ముందుకు భారత స్వాతంత్ర్య బిల్లు వచ్చింది. జూలై 18న రాజు ఆమోదం పడింది. ఆ బిల్లులోని ఆగస్టు 15 మౌంట్‌బాటన్ ఎంచుకున్న తేదీ. జపాన్ లొంగిపోయి సరిగ్గా రెండేళ్లయ్యే రోజు అని దాన్ని ఎంచుకున్నట్టు ఆయనే తర్వాత చెప్పాడు. అంటే మనకు అమరిన రోజు కూడా వేరొకరి విజయం గుర్తుగా వచ్చిందే. ఫిలిప్పీన్స్‌వాళ్లు ఇలాంటి రోజును భరించలేకపోయారు. 1962లో అధ్యక్షుడు మకపగల్ వాళ్ల స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చాడు. 1898లో స్పెయిన్ నుంచి విడిపోతున్నామని వాళ్లంతట వాళ్లే ప్రకటించుకున్న రోజు అది. జెండా దిగిన జూలై 4 చెరిగిపోలేదు, పండగ హోదా మాత్రం పోయింది.

రోజువారీ శీర్షికలు రాసేవాళ్లు ప్రతి పేరు పక్కన ఆ తేదీ ఎలా వచ్చిందో ఒక్క వాక్యం కలిపితే పేజీలో పేర్లు సగానికి తగ్గుతాయి. తగ్గితే నష్టమేమీ లేదు. వెంకయ్య గురించి ఇప్పుడు వచ్చే లైను "1963: జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య మరణం" అని ఉంటుంది. దానికి ఇంకో వాక్యం కలపొచ్చు: ఆయన పోయింది విజయవాడలో, 42 ఏళ్ల ముందు కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన గాంధీజీ చేతికి ఆయన జెండా నమూనా అందించింది కూడా ఆ ఊళ్లోనే, అప్పట్లో దాన్ని బెజవాడ అనేవాళ్లు.